1967 ఎయిర్‌స్ట్రీమ్ క్యారవెల్: ఏడేళ్లు తిరిగాక నా లెక్క

2016 అక్టోబరులో ఈ ట్రైలర్ తలుపు మొదటిసారి తీసినప్పుడు గుప్పుమన్నది ఎలకల వాసన. మా ఆవిడ చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండు నిమిషాలు లోపలంతా చూసి, "అల్మారా తలుపులు మాత్రం భలే ఉన్నాయండీ" అంది. నాకు అది చాలు. 4,800 డాలర్లిచ్చి ఇంటికి లాక్కొచ్చాం.

బండి పదిహేడడుగుల అల్యూమినియం ఎయిర్‌స్ట్రీమ్ క్యారవెల్, అంటే ఎయిర్‌స్ట్రీమ్ అనే అమెరికా కంపెనీ చేసిన, కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు. ఒకే యాక్సిల్ (ఇరుసు), రెండు చక్రాలు. ముందువైపు బల్ల దించితే పడకవుతుంది, పక్కన పొయ్యి, ఫ్రిజ్, ఒక స్నానాల గది. మేముండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. 1952 నుంచి ఈ బళ్లు తయారవుతున్న జాక్సన్ సెంటర్ ఊరు మాకు గంటన్నర దూరం. వెళ్లి చూశాం కూడా. ఇవాళ్టికీ అక్కడ ఇద్దరిద్దరు మనుషులు, ఒకరు లోపల ఒకరు బయట నిలబడి, రేకుల్ని కలిపి బిగించే రివెట్లు, అంటే లోహపు మేకులు, కొడుతూనే ఉన్నారు. ఆ దృశ్యం చూడకపోయి ఉంటే ఈ పనికి ధైర్యం చేసేవాణ్ణి కాదు.

రెండు శీతాకాలాలు గరాజ్‌లో గడిచాయి. 2018 మేలో మొదటి ప్రయాణం. అప్పట్నుంచి 31,000 మైళ్ల పైచిలుకు లాగాం. ఒహాయోలోనే ఉన్న హాకింగ్ హిల్స్‌కి ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. దూరమంటే సౌత్ డకోటాలో బ్యాడ్‌లాండ్స్ దాకా.

మొదట్లోనే ఒక నియమం పెట్టుకున్నాం. కంటికి కనిపించేవి, చేతికి తగిలేవి పాతవే ఉండాలి. బరువు మోసేవి, బండిని ఆపేవి, గ్యాసు, కరెంటు వెళ్లే దారులు కొత్తవి కావాలి. నియమం మంచిదే. అయితే దాన్ని రెండు మూడు చోట్ల మీరాం, ఒక చోట మరీ గట్టిగా పట్టుకున్నాం. ఇప్పుడు బాధపడేది ఆ చోట్ల గురించే.

నేల సంగతి ముందు చెప్పాలి. ఈ బళ్లలో ప్లైవుడ్ నేల పైన పరుచుకునే చాప లాంటిది కాదు. కింద ఇనప ఫ్రేముకీ పైన అల్యూమినియం గూడుకీ మధ్య ఇరుక్కుని రెంటినీ కలిపి పట్టుకునేది అదే. అది నానిపోతే గూడు, ఫ్రేము దేని దారి దానిదే. కొనేవాళ్లు ముందు స్క్రూడ్రైవర్ తీసుకెళ్లి తలుపు దగ్గర, వెనక మూలల్లో, గోడ అంచు వెంబడి గుచ్చి చూడండి. మా దాన్లో వెనక మూల గుచ్చితే స్క్రూడ్రైవర్ ఉప్మాలో గరిటె దిగినట్టు దిగింది. వెనక నాలుగడుగుల నేల మొత్తం కొత్తది వేశాం. మందం మాత్రం పాతదానిదే, 5/8 అంగుళాలు. "కొంచెం దళసరిది వేస్తే గట్టిగా ఉంటుంది కదా" అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. వేస్తే గూడు అంత మేరా పైకి లేస్తుంది, పాత బోల్టు రంధ్రాలేవీ కలవవు.

నేల కోసం లోపలి రేకు విప్పితే ఆ వాసన ఎక్కణ్ణించో తెలిసింది. గోడలో కుక్కిన ఫైబర్‌గ్లాస్ దూదంతా ఎలకల గూళ్లే. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారే, మా విషయంలో అది సామెత కాదు. ఏడు చెత్త సంచులు నిండాయి. దాని బదులు రాక్‌వూల్ (రాతి నార) పెట్టి రేకు మళ్లీ బిగించాం. ఈ ఏడేళ్లలో వాసన తిరిగి రాలేదు. పనంతట్లో అత్యంత అసహ్యమైంది ఇదే, అత్యంత ఫలితమిచ్చిందీ ఇదే.

యాక్సిల్‌కి మామూలు కమాను పట్టీలుండవు. చతురస్రపు గొట్టంలో రబ్బరు కడ్డీలుంటాయి. చక్రం పైకి లేచినప్పుడు అవి నలిగి కుదుపును మింగుతాయి. యాభై ఏళ్లకి ఏ రబ్బరైనా బిగుసుకుపోతుంది. చక్రాన్ని పట్టుకున్న చేయి కిందికి వాలి ఉండాలి. పైకి తిరిగి ఉంటే రబ్బరు పనైపోయినట్టే. "ఇంకా తిరుగుతోందిగా" అని అలాగే లాగితే ప్రతి గుంతా నేరుగా రివెట్ల మీద పడుతుంది. కొత్త యాక్సిల్ కొనేటప్పుడు ఎక్కువ బలమున్నది తీసుకుందామన్న ఆశ నాకూ కలిగింది. కానీ బలం ఎక్కువైతే ఖాళీ బండికి రబ్బరు కదలనే కదలదు. మా బండికి 3,500 పౌండ్లది సరిపోయింది. అల్మారాలో స్టీలు గ్లాసుల చప్పుడు తగ్గడమే దానికి నేనిచ్చే సర్టిఫికెట్.

ఇక రివెట్లు. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ బండి మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన పని ఇదే. బయట నేను గాలి సుత్తితో కొట్టాలి, లోపల మా ఆవిడ ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. మధ్యలో రేకు. ఒకరికొకరం కనపడం, చెవులకి మూతలు కాబట్టి మాట వినపడదు. అందుకని సంకేతాలు పెట్టుకున్నాం. లోపల్నుంచి ఒక్క దెబ్బంటే సరిపోయింది. రెండంటే ఇంకా కొట్టు. మూడంటే పాడైంది, తీసెయ్. మొదటి రోజు పొద్దున్నించి మధ్యాహ్నం దాకా మూడు దెబ్బలే విన్నాను. దిమ్మ రవ్వంత ఒరిగినా రివెట్ తోక పక్కకి పడుకుంటుంది, సుత్తి ఒరిగితే రేకు మీద నెలవంక ఆకారంలో నొక్కు పడుతుంది. అలాంటి నెలవంకలు కుడివైపు మూడున్నాయి. నాలుగో వారానికి ఇద్దరికీ చేయి కుదిరింది. ఒక ఆదివారం నాలుగు దెబ్బలు వినిపించాయి. సుత్తి ఆపి అదేంటని అడిగితే, "టీ టైమైంది" అంది.

లోపలి రేకు విప్పని చోట దిమ్మ పెట్టడం కుదరదు. అక్కడ ఒలింపిక్ రివెట్లు వాడాం. ఇవి బయటి నుంచే బిగుస్తాయి. పైకి వచ్చిన కాడ తెంపి తల నున్నగా గీస్తే పాతవాటికీ వీటికీ తేడా కనిపెట్టడం కష్టం. మామూలు పాప్ రివెట్లు బయట వాడకండి. నడుమ చిల్లు ఉంటుంది, నీళ్లు దిగుతాయి, పైగా పది గజాల నుంచే తెలిసిపోతాయి.

నీళ్ల కారుడు ఒకసారి ఆపితే ఆగిపోయేది కాదు. రెండేళ్లకోసారి కిటికీలూ తలుపూ మూసి, పైకప్పు రంధ్రంలోంచి ఆకులూదే మిషన్‌తో గాలి పంపిస్తాం. బయట అతుకుల వెంట సబ్బునీళ్లు రాస్తే ఎక్కడ బుడగలొస్తే అక్కడ సీలెంట్ పెట్టాలి. పోయినసారి తొమ్మిది చోట్ల వచ్చాయి.

పాలిష్ గురించి చెప్పాలంటే సిగ్గేస్తుంది. అద్దంలా మెరిసే పాత ఎయిర్‌స్ట్రీమ్ ఫోటోలు చూసి అదే అసలు రూపం అనుకున్నాను. 1967లో ఈ బళ్లు పైన పారదర్శకమైన పూతతో ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి, మెరుపు కాస్త మసకగా ఉండేది. నేను ఆ పూతంతా కరిగించి గీకేసి, ముప్పై గంటలు రుద్ది, చేతులు మసి చేసుకుని, అద్దం చేశాను. ఈ రేకు పైన స్వచ్ఛమైన అల్యూమినియం పొర పలచగా ఉంటుంది, తుప్పు నుంచి కాపాడేది అదే. రుద్దినప్పుడల్లా అందులో కొంత పోతుంది. పైగా మెరుపు రెండేళ్లు నిలవదు. అసలు రూపం నిలబెడుతున్నానంటూ అది పోగొట్టింది నేనే. ఇప్పుడు రుద్దడం మానేశాను. మసకబారితే బారనీ.

లైట్ల విషయంలోనూ అంతే. పాత దీపాల డొప్పలు పారేసి ఎల్‌ఈడీ పట్టీలు అంటించాను. ఆసుపత్రి వరండాలా తయారైంది. పాత డొప్పల్లోనే ఎల్‌ఈడీ బల్బులు పడతాయని తర్వాత తెలిసింది. అవే డొప్పలు ఒక్కోటి అరవై డాలర్లు పోసి మళ్లీ కొన్నాను.

ఈ మూడేళ్ల బళ్లకే, అంటే 1966 నుంచి 68 దాకా వచ్చినవాటికే, కార్నింగ్ కిటికీలుంటాయి. రసాయనాలతో గట్టిపరిచిన పలచని గాజు, బండి ఒంపుతో పాటే వంగి ఉంటుంది. సాయంకాలం ఎండలో అవి చూడాలి. ఒకటి పగిలితే మాత్రం గుండె పగిలినట్టే. ఒక క్యాంపులో పక్కన గడ్డి కోసే మిషన్ విసిరిన రాయి తగిలి మా దాన్లో ఒకటి పప్పు గింజల్లా రాలిపోయింది. దాని స్థానంలో పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్ పలక పెట్టాను. ఏడాదికే గీతలు పడ్డాయి. కొనే ముందు కిటికీలు లెక్కపెట్టుకోండి, గాజు ఒక్కటి తక్కువున్నా ధర తగ్గించి అడగండి.

నియమాన్ని మరీ గట్టిగా పట్టుకున్నానన్నది నీళ్ల విషయం. అప్పటి బళ్లలో మరుగుదొడ్డికి ట్యాంకుంటుంది గానీ సింకు, షవర్ నీళ్లకి ఉండదు. ఆ రోజుల్లో నేల మీదికి వదిలేసేవారు, ఇప్పుడు చాలా క్యాంపుల్లో ఒప్పుకోరు. నేల విప్పినప్పుడే ఫ్రేము మధ్య ఒక ట్యాంకు ఇరికించాల్సింది. "అసల్లో లేదు కదా" అని భీష్మించాను. ఫలితంగా ఏడేళ్లుగా రోజూ పొద్దున్నే చక్రాల ప్లాస్టిక్ పీపా ఈడ్చుకుంటూ, మురుగునీళ్లు పారబోసే డంపు దాకా వెళ్తున్నాను.

పొయ్యి పాతదే. గొట్టాలు, రెగ్యులేటర్ కొత్తవి, గ్యాసు వాసన పట్టే అలారం కొత్తది. మూడు మంటల్లో రెండింటి మీద దోసెలు చక్కగా వస్తాయి. ఎండుమిరపకాయల పోపు మాత్రం బయట చిన్న స్టవ్ మీదే. పదిహేడడుగుల రేకు డబ్బాలో ఆ ఘాటుకి ఇద్దరం ఒకేసారి తలుపు దగ్గరికి పరుగెత్తిన అనుభవం ఉంది. ఫ్రిజ్ కూడా పాతదే, గ్యాసు మంటతో నడుస్తుంది, చప్పుడే ఉండదు. బండి సమతలంగా లేకపోతే మాత్రం చల్లబడదు. అందుకే దిగగానే నేను రసమట్టం చూసుకుంటూ చక్రాల కింద చెక్కలు పెడుతుంటాను, పెరుగు గిన్నె పట్టుకుని మా ఆవిడ ఎదురుచూస్తుంటుంది.

కొన్నధర కాక ఖర్చు 17,400 డాలర్లు. మా ఇద్దరి కూలి లెక్కలో లేదు, వేస్తే మనసు పాడవుతుంది. మా కాలనీలో ఇంటి ముందు ట్రైలర్ నిలపనివ్వరు, కాబట్టి అద్దె షెడ్డుకి నెలకి ఎనభై ఐదు డాలర్లు అదనం.

మిగిలింది తలుపు తాళం. ఫ్యాక్టరీలో బిగించినదే, తాళంచెవి కూడా అప్పటిదే. వేడి రోజుల్లో తలుపు ఉబ్బినట్టయి, భుజంతో ఒక్క తోపు తోస్తే గానీ గడియ పడదు. అర్ధరాత్రి బయటికి వెళ్లొస్తే ఆ చప్పుడుకి పక్క టెంట్లవాళ్లు కూడా లేస్తారు. కొత్తది పెట్టించమని మా ఆవిడ, లోపలి స్ప్రింగు మారిస్తే చాలని నేను. ఈ వేసవి దాకా గడువిచ్చింది.