డ్యూటీలో వినే మాటలకు ఆంధ్రభారతి నిఘంటువు ఎంతవరకు పనికొస్తుంది?

మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర. వరంగల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లోని నిఘంటువు గురించి పద్యాలు, కావ్యాలు చదివేవాళ్లు చాలామంది చెప్పి ఉంటారు. ఉద్యోగం కోసం వేరే ప్రాంతానికి వచ్చి, తోటివాళ్ల మాట అర్థం కాక తిప్పలు పడేవాళ్లకు అది ఎలా ఉంటుందో నేను చెప్తాను.

నాకు దాని అవసరం ‘గత్తర’ అనే మాటతో పడింది. నైట్ డ్యూటీ సిస్టర్ పొద్దున హ్యాండోవర్ ఇస్తూ, "రాత్రంత వార్డుల గత్తర గత్తర ఉండె అక్కా" అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా తలూపారు. ఏ పేషెంటుకి ఏ ఇంజెక్షన్ ఎన్నింటికో చెప్తున్నప్పుడు మధ్యలో ఆపి మాటల అర్థాలు అడగలేం. తర్వాత గూగుల్‌లో కొడితే వీడియోలు వచ్చాయి తప్ప అర్థం రాలేదు. ఆంధ్రభారతిలో వెతికితే దొరికింది: కలరా.

నర్సుకి ఆ మాట చిన్నది కాదు. వార్డులో కలరా అనుమానం వస్తే పేషెంటుని విడిగా పెట్టాలి, మల పరీక్షకు పంపాలి, ఆరోగ్య శాఖకు తెలపాలి. ఆ రాత్రి వార్డులో అలాంటిదేమీ లేదని రికార్డులోనే ఉంది. మా హెడ్ సిస్టర్‌ని అడిగితే విడమరిచి చెప్పారు. ఒకప్పుడు కలరా వస్తే ఊళ్లో పుట్టే అల్లకల్లోలం ఉంటుంది కదా, దాని మీదుగా ఇప్పుడు గందరగోళం, హడావుడి, ఉక్కిరిబిక్కిరి అయ్యే పని అన్నిటికీ గత్తరే అంటారట. కుర్రాళ్ల నోట్లో అది మెచ్చుకోలు కూడా. కొత్తగా చేరిన అమ్మాయి దొరకని నరానికి ఒక్కసారిలో క్యానులా పెడితే మా వార్డ్ బాయ్ "గత్తర లేపింది" అన్నాడు. ఈ కొత్త వాడుక నాకు నిఘంటువులో కనిపించలేదు. తోటివాళ్లని అడగాల్సిందే.

అయినా పాత అర్థం ముందే తెలియడం వల్ల నాకు మేలే జరిగింది. డ్రిప్ ఎక్కుతున్న ఒక ముసలమ్మ, తన చిన్నప్పుడు గత్తరొచ్చి ఊరు ఊరంతా ఖాళీ అయిందని చెప్పుకొచ్చింది. పక్క మంచం కుర్రాడు ఏదో గొడవ అనుకున్నాడు. ఆమె చెప్తున్నది వాంతులు, విరేచనాలతో పోయిన మనుషుల గురించి. నాకు అర్థమైంది కాబట్టి కాసేపు కూర్చుని విన్నాను.

ఇక సైట్ సంగతి. వాడపల్లి శేషతల్పశాయి, కాలేపు నాగభూషణరావు గార్లు దీని వెనుక ఉన్నారు. డబ్బు కట్టక్కర్లేదు. ఒక మాట కొడితే చాలా నిఘంటువుల్లో ఉన్న అర్థాలు ఒకే పేజీలో వరసగా వస్తాయి. శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు లాంటి పెద్దవి ఉన్నాయి. నాకు బాగా పనికొచ్చేవి మాత్రం మాండలిక పదకోశాలు, ముఖ్యంగా నలిమెల భాస్కర్ గారి తెలంగాణ పదకోశం. ఊళ్లో మనిషి పలికే మాటని తీసుకుని, మిగతా తెలుగువాళ్లకి తెలిసే మాటలో చెప్తుంది. అలాంటి పని ఎవరో ఒకరు కూర్చుని చేశారని తలుచుకుంటే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

దూప అంటే దాహం, యాష్ట అంటే విసుగు, ఇగం అంటే బాగా చలి. ఇవి ఒకసారి చూస్తే చాలు, గుర్తుండిపోతాయి. ‘సోయి’ దగ్గర మాత్రం నిఘంటువు ఒక్కటే సరిపోదు. సోయి అంటే స్పృహ, ధ్యాస కూడా. "మా నాయినకు సోయి లేదు" అని కొడుకు పరుగెత్తుకొస్తే అది ఎమర్జెన్సీ. ఫోన్ చూసుకుంటూ కూర్చున్న అటెండర్‌ని "సోయి లేదా నీకు" అని సిస్టర్ కసిరితే అది వేరు. అందుకే ఫోన్‌లో ఎవరైనా సోయి లేదంటే "పిలిస్తే పలుకుతున్నడా, కండ్లు తెరుస్తున్నడా" అని వెంటనే అడుగుతాను. కొత్తగా వచ్చే మా వైపు పిల్లలకి మొదట నేర్పేది కూడా ఈ మాటే.

లోపాలున్నాయి. ఫోన్‌లో పేజీ ఇరుకుగా ఉంటుంది, అక్షరాలు చిన్నవి. పెద్ద నిఘంటువుల అర్థాలు వరసగా వచ్చిపడితే మనకు కావలసిన మాండలికం ఎక్కడో కింద ఉండిపోతుంది, ఓపిగ్గా దిగాలి. చాలా మాటలకు వాక్యంలో ఎలా వాడతారో చూపించే ఉదాహరణ ఉండదు. తిట్టుగా అంటున్నారా, ముద్దుగా అంటున్నారా అనేది అర్థం చదివితే తెలియదు. ‘గత్తరొచ్చినోడా’ అని మనవణ్ణి నవ్వుతూ పిలిచే అమ్మమ్మని చూశాను, అదే మాటతో కొట్లాటకు దిగినవాళ్లనీ చూశాను. పలుకు వినిపించే ఏర్పాటు పెడితే నాలాంటివాళ్లకు ఇంకా బాగుంటుంది.

వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. విన్నది విన్నట్టు కొడితే ఒక్కోసారి దొరకదు. "పానం మంచిగ లేదు" అన్నప్పుడు పానం దగ్గర ఆగిపోకుండా ప్రాణం అని కూడా కొట్టి చూడండి. నిమ్మలం దొరక్కపోతే నిమ్మళం ప్రయత్నించండి. మొదటి రెండు మూడు అక్షరాలే ఇచ్చి, వాటితో మొదలయ్యే మాటలన్నీ చూడటం ఇంకా తేలిక. అప్పటికీ దొరక్కపోతే టీ టైమ్‌లో పక్కన కూర్చున్నవాళ్లని అడగండి. మా వార్డులో అయితే ఒక్క మాట అడిగితే నాలుగు మాటలు చెప్తారు.