గ్యాస్ గీజర్ పదే పదే ఆరిపోతుంటే ఏది మేలు: రిపేరా, కరెంటు గీజరా, పెరట్లో బాయిలరా?

కార్తీక మాసం వచ్చిందంటే చాలు, అమలాపురం మొదలు నరసాపురం, భీమవరం దాకా ఎవరింట్లో చూసినా ఇదే గొడవ: "గీజరు వెలుగుతోందండీ, రెండు చెంబులు పోసుకునేసరికి ఆరిపోతోంది." సంక్రాంతికి అల్లుళ్ళూ మనవలూ దిగే ఇంట్లో ఇది చిన్న టెన్షన్ కాదు. మెకానిక్ వచ్చి కొత్తది కొనేయమంటాడు. పక్కింటివాళ్ళు కరెంటు గీజరు పెట్టించుకోమంటారు. నాన్నమ్మేమో అటక మీదున్న రాగి బాయిలర్ దించమంటుంది. ఎవరి మాట వినాలో తేల్చుకునే ముందు ఒక్క పని చేయండి. గీజరు ఎప్పుడు ఆరుతోందో, వెలిగిన ఎంతసేపటికి ఆరుతోందో రెండు మూడు రోజులు గమనించండి. డబ్బు ఎక్కడ పెట్టాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

గ్యాస్ గీజరులో జరిగేది ఇంతే. కుళాయి తిప్పగానే నీటి ఒత్తిడికి లోపలి రబ్బరు పొర కదిలి స్విచ్ పడుతుంది. బ్యాటరీల కరెంటుతో నిప్పురవ్వ పుట్టి, వాల్వ్ తెరుచుకుని గ్యాస్ అంటుకుంటుంది. బర్నరు మీదున్న చిన్న సెన్సరు పుల్లకు మంట తగులుతున్నంతసేపే వాల్వ్ తెరిచి ఉంటుంది. నీరు, బ్యాటరీ, మంట, వీటిలో ఏది తగ్గినా గ్యాస్ కట్టయిపోతుంది. అలా ఆగేలాగే దాన్ని తయారుచేశారు.

వెలిగిన రెండు మూడు సెకన్లకే ఆరిపోతుంటే అది తేలికైన జబ్బు. ముందు బ్యాటరీలు మార్చండి. పెద్ద సైజు సెల్స్ రెండు ఉంటాయి, ఆల్కలైన్ రకమైతే ఎక్కువ కాలం వస్తాయి. అప్పటికీ ఆరిపోతుంటే సెన్సరు పుల్లను చూడాలి. అంతర్వేది, సఖినేటిపల్లి, మొగల్తూరు లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి దాని మీద తుప్పు, మసి పేరుకుని, మంట ఉన్నా లేనట్టే లెక్కవుతుంది. గ్యాస్ కట్టి, బ్యాటరీలు తీసి, సన్నటి ఎమరీ పేపరుతో మెల్లగా రుద్దితే చాలాసార్లు సరిపోతుంది. వెలిగిన సరిగ్గా ఇరవై నిమిషాలకు ఆరుతుంటే అసలు రిపేరే అక్కర్లేదు. చాలా మోడళ్ళలో టైమర్ ఉంటుంది, కుళాయి కట్టి మళ్ళీ తిప్పితే వెలుగుతుంది.

మన ఊళ్ళలో ఎక్కువమంది పట్టించుకోని కారణం ట్యాంకు ఎత్తు. ఒక మీటరు ఎత్తు నీళ్ళు ఇచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.1 కిలో మాత్రమే. ఒక అంతస్తు డాబా మీద, స్లాబుకే ఆనించి ట్యాంకు పెట్టిన ఇళ్ళు గోదావరి డెల్టాలో ఎన్నో. బాత్రూంలో గీజరు ఛాతీ ఎత్తున ఉంటుంది. అంటే దానికీ ట్యాంకు అడుగుకీ మధ్య రెండు మీటర్లు కూడా ఉండదు. చాలా గీజర్లు వెలగడానికి కావాల్సిన ఒత్తిడి సరిగ్గా ఆ అంచునే ఉంటుంది. అందుకే పొద్దున్నే ట్యాంకు నిండుగా ఉంటే వెలుగుతుంది, ఇద్దరు స్నానం చేశాక ట్యాంకు సగానికి దిగితే ఆరిపోతుంది. దానికి తోడు కాలవ నీటితో వచ్చే ఒండ్రు, పాచి గీజరు మూతి దగ్గరి జల్లెడను మూసేస్తాయి. జల్లెడ విప్పి కడగడం ఐదు నిమిషాల పని. ట్యాంకును ఒకటిన్నర మీటరు దిమ్మె మీదకు ఎత్తించడం మేస్త్రీ పని, పైగా నిండిన ట్యాంకు బరువుకు స్లాబు ఆగుతుందో లేదో ఆయన్నే అడగాలి. ఈ రెండూ చేయకుండా కొత్త గ్యాస్ గీజరు కొంటే అదీ ఇలాగే ఆరిపోతుంది. ఈ సంగతి కొనే ముందే చెప్పే షాపువాళ్ళు తక్కువ.

వంటింట్లో స్టవ్ వెలిగించగానే గీజరు ఆరుతుంటే సిలిండరు అయిపోవచ్చిందని గానీ, ఒకే రెగ్యులేటరు రెండింటికీ చాలడం లేదని గానీ అర్థం. సిలిండరు మానేసి పైపు గ్యాస్ తీసుకున్నవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. సిలిండరు గ్యాస్ 30 మిల్లీబార్ల ఒత్తిడితో వస్తే పైపు గ్యాస్ 21 మిల్లీబార్లతో వస్తుంది, బర్నరుకు గ్యాస్ వదిలే సన్నటి రంధ్రాల జెట్లు కూడా వేరు. జెట్లు మార్పించకుండా పాత గీజరును దానికి కలపకూడదు.

ఇక అసలు భయపడాల్సింది. గీజరు బాత్రూం లోపలే ఉండి, తలుపు వేసుకున్నప్పుడు అయిదు పది నిమిషాలకు ఆరిపోతూ, తలుపు తీసి ఉంచితే బాగా వెలుగుతుంటే, దయచేసి దాన్ని వాడటం ఆ రోజే ఆపేయండి. గదిలో గాలి చాలడం లేదు. లెక్క చూడండి. నిమిషానికి ఆరు లీటర్ల గీజరు పూర్తి మంట మీద గంటకు సుమారు ఒక కిలో గ్యాస్ కాలుస్తుంది. కిలో గ్యాస్ సరిగ్గా మండాలంటే దాదాపు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు బాత్రూంలో ఉండేదే ఏడు ఘనపు మీటర్లకు కాస్త తక్కువ. పావుగంట స్నానానికి అందులో సగం దాకా మంటకే పోతుంది. గాలి తగ్గితే నీలం మంట పసుపుకు తిరుగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల బరువెక్కుతుంది, కాళ్ళు తేలిపోతాయి, గడియ తీసే ఓపిక కూడా ఉండదు. చలికాలంలో పేపర్లలో వచ్చే బాత్రూం మరణాల్లో ఇలాంటివి ఉంటున్నాయి.

1995లో పాసర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ మంటలు చూసినవాళ్ళం, 2014లో నగరం అనే ఊళ్ళో జరిగిన గ్యాస్ పైపులైను పేలుడును మరిచిపోలేనివాళ్ళం. గ్యాస్ అంటే మనకు భయం లేక కాదు. సిలిండరు లీకైతే వచ్చే వాసనకు మనం అలవాటుపడ్డాం కాబట్టి, వాసన రాకపోతే ప్రమాదం లేదనుకుంటాం. ఇక్కడ ప్రాణం తీసేది వాసన లేనిది. గీజరు ఆరిపోకుండా ఉండాలని సెన్సరు వైర్లు కలిపేసి "సెట్ చేశాను" అనే మెకానిక్‌ను మళ్ళీ గడప తొక్కనివ్వకండి. సెన్సరు బాగున్నా సరే, మనిషి స్పృహ తప్పేలోపు అదే కట్టేస్తుందనే నమ్మకం పెట్టుకోకూడదు.

కాబట్టి రిపేరు మేలయ్యేది ఎప్పుడంటే, గీజరు బాత్రూం బయట ఉన్నప్పుడు, ట్యాంకు ఎత్తు సరిపోయినప్పుడు. వెనక వసారాలో గోడకు బిగించి వేడినీళ్ళ పైపు మాత్రం లోపలికి తీసుకుంటే సరిపోతుంది. వానజల్లు, ఈదురుగాలి నేరుగా తగలకూడదు, కిటికీ కింద పెట్టకూడదు. కొత్తది కొనాల్సి వస్తే గ్యాస్ గీజర్లకున్న భారత ప్రమాణం ఐఎస్ 15558 గుర్తు చూసి కొనండి. పండగ నాడు ఒకరి తర్వాత ఒకరు పదిమంది స్నానం చేయాలంటే గ్యాస్ గీజరుకు సాటి లేదు, వేడినీళ్ళు అయిపోయే ప్రశ్నే రాదు. కరెంటు పోయినా వెలుగుతుంది. తుపాను వచ్చి రెండు రోజులు కరెంటు లేకపోతే మోటారు ఆడక ట్యాంకే ఖాళీ అవుతుంది, అది వేరే సంగతి.

కరెంటు గీజరుకు నీటి ఒత్తిడితో పేచీ లేదు. ట్యాంకు గీజరు కన్నా కాస్త పైనుంటే చాలు పనిచేస్తుంది, గాలిని పాడుచేయదు. 15 లీటర్లది, రెండు కిలోవాట్లది తీసుకుంటే 25 డిగ్రీల నీటిని 60కి తేవడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. అందులో చన్నీళ్ళు కలుపుకుంటే స్నానపు వేడి నీళ్ళు 35 లీటర్లు, అంటే రెండు బక్కెట్లకు కాస్త తక్కువ. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి హాయిగా సరిపోతుంది. ఖర్చు కూడా మనవాళ్ళు భయపడేంత కాదు. మన చలికాలం నీళ్ళు అంత చల్లగా ఉండవు కాబట్టి ఇరవై లీటర్ల బక్కెట్‌కు పట్టేది 0.4 యూనిట్. అదే బక్కెట్‌కు గ్యాస్ 35 గ్రాములకు అటూ ఇటూ. నలుగురు రోజుకో బక్కెట్ చొప్పున వాడితే నెలకు దాదాపు 48 యూనిట్లు, లేదా 14.2 కిలోల సిలిండరులో మూడో వంతుకు కాస్త తక్కువ. మీ బిల్లు ఏ స్లాబులో ఉందో చూసి లెక్కేసుకోండి. ఏసీ వాడని చలికాలంలో చాలా ఇళ్ళకు అది భారం కాదు.

కరెంటు గీజరుకు శత్రువు ఉప్పు బోరు నీరు. రాజోలు, మలికిపురం వైపు బోరు నీళ్ళు పోసే ఇళ్ళలో హీటింగ్ కాయిల్ మీద సున్నం గడుతుంది, గీజరు లోపలి ట్యాంకు తుప్పుపడుతుంది. లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకు బదులు అది కరిగిపోతుంది. ఏడాదికోసారి విప్పించి చూసి, అరిగితే మార్పించాలి. కొనేటప్పుడు ఎవరూ చెప్పని ఈ చిన్న కడ్డీయే గీజరు ఎన్నేళ్ళు వస్తుందో నిర్ణయిస్తుంది. పాత ఇళ్ళలో 16 ఆంప్స్ ప్లగ్గు, విడిగా ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్), సరైన ఎర్తింగ్ లేకుండా బిగించొద్దు. బక్కెట్లో వేసే హీటర్ కడ్డీని మాత్రం పిల్లలున్న ఇంట్లోకి రానివ్వొద్దు.

బాయిలర్ మాట తీసిపారేయకండి. కొబ్బరితోట ఉన్న ఇంటికి డొక్కలు, మట్టలు, ఈనెలు ఊరికే దొరుకుతాయి. ఉప్పునీళ్ళైనా, ట్యాంకు లేకపోయినా, కరెంటు పోయినా దానికి పట్టదు. బూడిద కొబ్బరి మొదళ్ళకే పోయవచ్చు. కష్టమల్లా తెల్లవారుజామున లేచి రాజేయడం, పొగ, మరిగే నీళ్ళు మోయడం. పెద్దవాళ్ళిద్దరే ఉండే ఇంట్లో ఆ బరువు వాళ్ళ మీద పెట్టకూడదు. దాన్ని కూడా పెరట్లోనే వెలిగించాలి, మూసిన స్నానాల గదిలో కాదు.

నన్నడిగితే, ట్యాంకు కిందుగా ఉండి బాత్రూం ఇరుకైన డాబా ఇంటికి కరెంటు గీజరే మేలు. ఆరిపోయే గ్యాస్ గీజరు మీద ఇంకో రూపాయి పెట్టొద్దు. వెనక వసారా, ఎత్తైన ట్యాంకు ఉన్న ఉమ్మడి కుటుంబానికి గ్యాస్‌దే బాగుచేయించుకోవడం మేలు. తోట, పెరడు, చేసే మనిషి ఉన్న ఇంట్లో పండగ నాలుగు రోజులకు బాయిలర్ దించండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులేవీ ముట్టుకోకుండా రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తీసి, బయటికొచ్చి గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబరు 1906కు ఫోన్ చేయండి. గీజరు మార్చేసుకుంటే పాతది ఎవరైనా బంధువులు అడుగుతారు. ఇచ్చే ముందు ఎక్కడ బిగిస్తారో అడగండి. బాత్రూం లోపల అంటే ఇవ్వకండి, పాత సామాన్లవాడికి వేసేయండి.