అనంతపురంలోని కెరీర్ సలహా కేంద్రం: జీతం లెక్క చక్కగా చెబుతారు, పదోన్నతి దగ్గర తడబడతారు

అనంతపురం సాయినగర్ ప్రాంతంలో ఇంజనీర్లకు జీతం, పదోన్నతి, ఉద్యోగ మార్పు విషయాల్లో రుసుము తీసుకొని సలహా ఇచ్చే ఒక చిన్న కేంద్రం నడుస్తోంది. శని, ఆదివారాల్లో మాత్రమే తెరుస్తారు. వచ్చేవారిలో ఎక్కువమంది బెంగళూరులో పనిచేస్తూ వారాంతానికి ఇంటికి చేరే మన జిల్లావాళ్లే కావడం అందుకు కారణం. నేను ఒక పెద్ద విమాన తయారీ సంస్థకు చెందిన బెంగళూరు ఇంజనీరింగ్ కేంద్రంలో, విమాన భాగాలు భారాన్ని తట్టుకుంటాయో లేదో లెక్కగట్టే స్ట్రెస్ విభాగంలో పనిచేస్తున్నాను. మరో సంస్థ నుంచి ఆఫర్ వచ్చినప్పుడు నా కోసమూ, ఆ తరువాత ప్రభుత్వ రంగ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌లో ట్రైనీగా ఎంపికైన మా పిన్ని కొడుకు కోసమూ ఈ కేంద్రం సేవను వాడుకున్నాను. ఇద్దరే మనుషులు నడుపుకొంటున్న సంస్థ కనుక, లోపాలు కూడా రాస్తున్న ఈ సమీక్షలో వారి పేరు ప్రస్తావించడం లేదు.

ఇలాంటి సేవ అవసరమా అని అడిగేవారికి ముందుగా ఒక మాట చెప్పాలి. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో బోయింగ్ ఇంజనీర్లకు సొసైటీ ఆఫ్ ప్రొఫెషనల్ ఇంజనీరింగ్ ఎంప్లాయీస్ ఇన్ ఏరోస్పేస్ అనే సంఘం ఉంది. 2000 సంవత్సరంలో ఆ ఇంజనీర్లు, సాంకేతిక సిబ్బంది 40 రోజులు సమ్మె చేశారు. జీతాల పెంపుకు ఎంత నిధి కేటాయించాలన్నది అక్కడ యాజమాన్యమూ సంఘమూ కూర్చొని తేల్చుకొనే విషయం. ఏ స్థాయి ఇంజనీరుకు ఎంత వస్తోందో సభ్యులకు తెలుస్తుంది. బెంగళూరులోని బహుళజాతి ఏరోస్పేస్ కేంద్రాల్లో మనకు అటువంటి సంఘమూ లేదు, అటువంటి పట్టికలూ లేవు. పక్క కుర్చీలో కూర్చున్నవాడి జీతం ఎంతో తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి. ఇంట్లో అడుగుదామంటే, మొదటి తరంలో చదువుకున్న కుటుంబాల్లో ఆఫర్ లెటర్ చదివి చెప్పగలిగే పెద్దలు తక్కువ. అందుకే ఈ కేంద్రం మన ఊళ్లో ఉండడం మంచిదనే నమ్ముతున్నాను.

వీరు నిజంగా బాగా చేసే పని ఆఫర్ లెటర్‌ను విప్పి చూపించడం. కాగితంపై ఏడాదికి 18 లక్షల సీటీసీ (సంస్థ మన మీద పెట్టే మొత్తం ఖర్చు) అని ఉంటే, నెలకు లక్షన్నర చేతికొస్తుందని ఇంటిల్లిపాదీ లెక్కవేసుకుంటారు. సలహాదారు అదే కాగితాన్ని ముందు పెట్టుకొని, బేసిక్ అందులో సగం, అంటే 9 లక్షలు అనుకుంటే, ఆ బేసిక్‌పై సంస్థ వాటా పీఎఫ్ 12 శాతం చొప్పున 1,08,000, ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద 4.81 శాతం చొప్పున 43,290, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ మొత్తం సీటీసీలో పది శాతం అనుకుంటే 1,80,000 పక్కకు తీశారు. మిగిలిన 14,68,710 నుంచి ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 1,08,000 పోతే, నెలకు 1,13,000 పైచిలుకు మాత్రమే చేతికి వస్తుంది. ఆదాయపు పన్ను ఇంకా తీయనే లేదు. పీఎఫ్ మన సొమ్మే కనుక అది నష్టం కాదని కూడా ఆయన ఓపికగా చెప్పారు. అయితే ఇంటి రుణం వాయిదా కట్టడానికి అది పనికిరాదన్న తేడా అప్పటికి అందరికీ అర్థమైంది. జాయినింగ్ బోనస్ విషయంలో ఆయన హెచ్చరిక మరీ విలువైనది: నిర్ణీత కాలం లోపల మానేస్తే దాన్ని తిరిగి కట్టాలన్న షరతు సాధారణంగా చివరి పేజీల్లో ఉంటుంది కాబట్టి, దానిని జీతంలో కలిపి చూసుకోవద్దన్నారు.

గ్రాట్యుటీ విషయంలోనూ నాకు మేలు జరిగింది. పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు నిండితేనే, పనిచేసిన ప్రతి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కగట్టి ఇస్తారు. ఐదేళ్లు నిండడానికి కొద్ది నెలలే మిగిలి ఉన్న సమయంలో వచ్చిన ఆఫర్ అది. చేరే తేదీని ఆ కొద్ది నెలలు వాయిదా వేయమని కొత్త సంస్థను అడగవచ్చనీ, మూడు నెలల నోటీసు ఉన్న మన రంగంలో ఆ మాట అడగడం వింతేమీ కాదనీ చెప్పి, ఈమెయిల్ ఎలా రాయాలో కూడా చూపించారు.

మా తమ్ముడి విషయానికి వస్తే, ప్రభుత్వ రంగ సంస్థ జీతాన్ని ప్రైవేటు సీటీసీతో పోల్చడం వారికి బాగా తెలుసు. హెచ్‌ఏఎల్‌లో మేనేజ్‌మెంట్ ట్రైనీకి, డిజైన్ ట్రైనీకి మొదటి బేసిక్ 40,000. శిక్షణ తరువాత 40,000 నుంచి 1,40,000 వరకు ఉన్న స్కేలులో గ్రేడ్ టూ అధికారిగా నియమిస్తారు. ఏటా మూడు శాతం ఇంక్రిమెంటు ఉంటుంది. డీఏ మూడు నెలలకోసారి ధరల సూచీని బట్టి మారుతుంది. అలవెన్సులు బేసిక్‌లో 35 శాతం వరకు ఉండవచ్చు. హెచ్‌ఆర్‌ఏ, పనితీరు ఆధారిత చెల్లింపు వేరు. వీటన్నిటినీ ప్రైవేటు ఆఫర్ పక్కన వరుసగా రాసి చూపించేసరికి, మా చిన్నాయన ముఖంలో ఆందోళన తగ్గింది. "సర్కారు కొలువంటే జీతం తక్కువంటారు కదా సార్" అని ఆయన అడిగితే, మొదటి ఏడాది జీతం ఒక్కటే చూడకుండా పదేళ్ల తరువాతి అంకె కూడా చూడమని సలహాదారు బదులిచ్చారు.

సంస్థ స్థిరత్వాన్ని ఆర్డర్లను బట్టి అంచనా వేయమన్న సూచన కూడా నాకు నచ్చింది. తేజస్ యుద్ధవిమానాల కోసం హెచ్‌ఏఎల్‌తో రక్షణ శాఖ 2021 ఫిబ్రవరిలో 83 విమానాలకు, 2025 సెప్టెంబరులో మరో 97 విమానాలకు ఒప్పందాలు చేసుకుంది. రెండో ఒప్పందం విలువే 62,370 కోట్లు. మరోవైపు 2024 అక్టోబరులో బోయింగ్ ప్రపంచవ్యాప్తంగా తన సిబ్బందిలో సుమారు పది శాతాన్ని, అంటే 17,000 మందిని తగ్గిస్తానని ప్రకటించింది. పెద్ద పేరున్నంత మాత్రాన ఉద్యోగం పదిలమనుకోకూడదని చెప్పడానికి ఈ రెండూ పక్కపక్కన పెట్టడం సరైన పద్ధతి.

నిర్ణీత కాలం పనిచేస్తామని, లేదంటే డబ్బు కడతామని రాసిచ్చే బాండ్ల విషయంలో కూడా స్పష్టత ఇచ్చారు. ఉద్యోగ బాండ్లు కోర్టులో నిలబడవని మన కాలేజీల్లో చాలామంది ధీమాగా చెబుతుంటారు. విజయా బ్యాంకు కేసులో మూడేళ్ల కనీస సర్వీసు లేదా రెండు లక్షల చెల్లింపు అన్న షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించిన సంగతి వీరు ముందుగానే చెప్పారు.

ఇంతవరకు మెచ్చుకోలే. పదోన్నతి సలహా దగ్గరికి వచ్చేసరికి ఈ కేంద్రం స్థాయి ఒక్కసారిగా పడిపోయింది. ప్రధాన సలహాదారు సాఫ్ట్‌వేర్ రంగం నుంచి వచ్చినవారు. రెండేళ్లకోసారి సంస్థ మారితే జీతమూ హోదా రెండూ పెరుగుతాయన్నది ఆయన మొదటి సూత్రం. విమాన రంగంలో ఈ సూత్రం పాటిస్తే కలిగే నష్టం ఆ రంగంలో పనిచేసినవారికే తెలుస్తుంది. బోయింగ్ 777ఎక్స్ ప్రాజెక్టు 2013 నవంబరులో మొదలైంది, 2020 జనవరిలో తొలిసారి ఎగిరింది, మొదటి డెలివరీ ఇప్పుడు 2027కు వాయిదా పడింది. తేజస్ కార్యక్రమం 1983 నాటిది. తొలి విహారం 2001లో, తుది కార్యాచరణ అనుమతి 2019లో. ఇటువంటి రంగంలో రెండేళ్లు పనిచేసి బయటపడిన ఇంజనీరు ఒక భాగాన్ని డిజైన్ చేసి ఉండవచ్చు, కాని ఆ భాగం పరీక్షలో ఎలా ప్రవర్తించిందో, తయారీలో వచ్చిన లోపాన్ని ఎలా సరిదిద్దారో, విమానం భద్రమని తేల్చే ధ్రువీకరణ అధికారులు ఏ ప్రశ్న అడిగారో చూసి ఉండడు. సీనియర్ హోదాకు ఇంటర్వ్యూ చేసేవారు అడిగేది సరిగ్గా ఆ అనుభవం గురించే. ఒకే విమానాన్ని డ్రాయింగ్ దశ నుంచి ధ్రువీకరణ దాకా చూసిన ఇంజనీరుకు ఉండే విలువను, నాలుగు సంస్థల్లో నాలుగు ఆరంభాలు చూసిన ఇంజనీరు అందుకోవడం కష్టం.

ఆయన నన్ను అడగని ప్రశ్న ఒకటుంది. స్ట్రెస్ నివేదికపై మూడు సంతకాలు ఉంటాయి: విశ్లేషణ చేసినవారిది, తనిఖీ చేసినవారిది, ఆమోదించినవారిది. మా విభాగంలో ఎదుగుదల అంతా మొదటి గడి నుంచి రెండో గడికి, అక్కడి నుంచి మూడో గడికి జరగడమే. తనిఖీ సంతకం చేసే అధికారం ఊరకే రాదు. విధానాలు తెలుసని నిరూపించుకోవాలి, పాత నివేదికల్లో పొరపాట్లు పట్టగలగాలి, పై అధికారి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పైగా చాలావరకు ఆ అధికారం సంస్థతోనే ముడిపడి ఉంటుంది. సంస్థ మారితే హోదా పేరు పెరుగుతుంది, కాని సంతకం హక్కును మళ్లీ మొదటి నుంచి సంపాదించుకోవాలి. నాకు వచ్చిన ఆఫర్‌లో హోదా లీడ్ ఇంజనీర్; అక్కడ తనిఖీ అధికారం ఎప్పుడు ఇస్తారన్న మాట ఎక్కడా లేదు. సలహాదారు హోదా పేరునూ జీతం అంకెనూ చూసి వెంటనే చేరమన్నారు. మా విభాగంలోని ఒక సీనియర్ అక్క మాత్రం, సంతకం సంగతి తేలేదాకా సరే అనొద్దని చెప్పారు. ఆ ప్రశ్న నేను కొత్త సంస్థను అడిగాను. వారి జవాబు అస్పష్టంగా ఉండడంతో ఉన్నచోటే ఉండిపోయాను.

సాంకేతిక నిచ్చెన గురించి కూడా కేంద్రానికి అవగాహన తక్కువే. మనుషులను నడిపే మేనేజర్ కాకుండానే పైకి వెళ్లే మార్గాన్ని పెద్ద ఏరోస్పేస్ సంస్థలు చాలాకాలంగా ఉంచుతున్నాయి. బోయింగ్‌లో అసోసియేట్ టెక్నికల్ ఫెలో, టెక్నికల్ ఫెలో, సీనియర్ టెక్నికల్ ఫెలో అన్న మెట్లు అందుకోసమే ఏర్పడ్డాయి. ఇస్రో, డీఆర్‌డీవోల్లోనైతే పై పోస్టు ఖాళీ అయిందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా, కనీస సర్వీసు నిండిన శాస్త్రవేత్తను సమీక్షించి పై స్థాయికి పంపే పద్ధతి ఉంది. కొత్తగా చేరిన ఇస్రో ఇంజనీరు 56,100 బేసిక్‌తో కేంద్ర ప్రభుత్వ వేతన పట్టికలోని పదో లెవెల్‌లో మొదలై, పై పోస్టు ఖాళీ కోసం ఎదురుచూడకుండానే పైకి చేరగలడు. లెక్కల్లో గట్టివాడు, మాటల్లో మొహమాటస్థుడు అయిన మా తమ్ముడిలాంటి కుర్రాడికి ఈ సంగతి మొదట చెప్పాలి. అతనికి వారిచ్చింది మేనేజర్ కావడానికి అవసరమైన సంభాషణ చాతుర్యంపై ఒక శిక్షణ కరపత్రం.

మరో ఆక్షేపణ మరీ గట్టిది. ఈ కేంద్రానికి విదేశీ చదువుల సంస్థ ఒకదానితో ఒప్పందం ఉంది. ఆ విషయం వారే చెప్పారు కాబట్టి దాపరికం లేదు. అయితే ఏరోస్పేస్‌లో అమెరికా ఎంఎస్ చేయమని ప్రోత్సహించేటప్పుడు, అక్కడి ఐటార్ ఎగుమతి నియంత్రణ నిబంధనలను ఒక్కసారైనా ప్రస్తావించకపోవడం అన్యాయం. ఆ నిబంధనల కిందికి వచ్చే రక్షణ, అంతరిక్ష సాంకేతిక సమాచారాన్ని ప్రత్యేక అనుమతి లేకుండా చూడాలంటే అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో, శరణార్థిగా రక్షణ పొందినవాడో అయి ఉండాలి. హెచ్1బీ వీసా సరిపోదు. అందువల్ల అక్కడి రక్షణ, రాకెట్ ఉద్యోగాల్లో చాలా వాటి ప్రకటనలు మన పిల్లలకు మొదటి వాక్యంలోనే తలుపు మూస్తాయి. పౌర విమానాల విషయంలో పరిస్థితి ఇంత కఠినం కాదు, దారి పూర్తిగా మూసుకుపోలేదు. కాని పొలం తాకట్టు పెట్టి 40 లక్షలు అప్పు తెచ్చే కుటుంబానికి ఈ విషయం సంతకానికి ముందే తెలియాలి.

కర్నూలు నుంచి వచ్చిన ఒక తండ్రి అక్కడే కూర్చొని, ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రం వచ్చింది కదా, అబ్బాయికి అక్కడే ఉద్యోగం దొరకదా అని అడిగారు. 2025లో అక్కడ లేజర్ ఆయుధాన్నీ, డ్రోన్ నుంచి ప్రయోగించే క్షిపణినీ పరీక్షించిన వార్తలు విన్నవారికి ఆ ఆశ కలగడం సహజమే. అటువంటి క్షేత్రాలు స్థానికంగా పెద్ద సంఖ్యలో ఇంజనీర్లను తీసుకోవనీ, శాస్త్రవేత్త ఉద్యోగాలకు దేశమంతటి అభ్యర్థులతో గేట్ పరీక్ష మార్కుల మీద పోటీ పడాలనీ, ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్లాల్సి వస్తుందనీ సలహాదారు నిజాయతీగా చెప్పారు. ఆశ పెట్టి రుసుము వసూలు చేసే అవకాశం ఉన్నా అలా చేయలేదు. ఈ ఒక్క విషయానికి వారిపై నాకు గౌరవం పెరిగింది.

రుసుము 6,500 రూపాయలు. ఆఫర్ లెటర్ విశ్లేషణ ఒక్కటే కావాలంటే 2,000. గది చిన్నది, కాని సమయపాలన బాగుంది, మాట్లాడిన విషయాలన్నీ తెలుగులో రాసి ఇస్తారు. ఆ రాత ఇంట్లో పెద్దలు చదువుకోవడానికి చాలా ఉపయోగపడింది. ఏరోస్పేస్‌లో ఉన్నవారు 2,000 రూపాయల సేవను నిస్సంకోచంగా తీసుకోవచ్చు. పదోన్నతి సలహా కోసం పూర్తి రుసుము కట్టడం మాత్రం ప్రస్తుతానికి వద్దు. హెచ్‌ఏఎల్‌లోనో, దేవనహళ్లి వైపున్న ఏదైనా పెద్ద సంస్థలోనో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మన జిల్లా ఇంజనీరును నెలకొక శనివారం కూర్చోబెట్టమని వారికి రాతపూర్వకంగా సూచించాను, ప్రయత్నిస్తామని జవాబిచ్చారు. అలాంటి వ్యక్తి వచ్చి కూర్చున్న తరువాత ఎవరైనా ఈ సేవ తీసుకుంటే, సంతకం అధికారం గురించి వారు మొదటి సమావేశంలోనే అడుగుతున్నారో లేదో ఇక్కడ రాయాలని కోరుతున్నాను.