బాంగో నెట్ రివ్యూ: వలకి 4 స్టార్లు, మీటరుకి 2

తీరం దగ్గరి నీళ్లలో చేప లార్వాలు (గుడ్లలోంచి వచ్చిన చిన్న పిల్లలు) పట్టడానికి 60 సెంటీమీటర్ల బాంగో నెట్‌ని అన్ని కాలాల్లోనూ వాడుతున్నాం. వల బాగుంది. రెండు మూతులు పక్కపక్కన, లాగే తాడు వాటి మధ్యలో కడతారు కాబట్టి మూతికి అడ్డంగా ఏమీ ఉండదు, లార్వాలు ముందే బెదిరి తప్పుకోవడం తగ్గుతుంది. ఒక్కసారి లాగితే రెండు శాంపిల్స్ వస్తాయి, ఒకటి గుర్తింపు కోసం ఫార్మలిన్‌లో, రెండోది డీఎన్‌ఏకి ఆల్కహాల్‌లో.

తలనొప్పంతా వల కన్ను, అంటే రంధ్రం సైజు దగ్గరే. 500 మైక్రాన్లది తీసుకుంటే అప్పుడే గుడ్డులోంచి వచ్చిన సన్నవి జారిపోతాయి, 300ది అయితే అవి ఆగుతాయి గానీ వల తొందరగా పూడుకుపోతుంది. వానలప్పుడు నదులు తెచ్చే బురద, ఆ నీటితో వచ్చిన పోషకాలకి పెరిగే సన్న నాచు, కొన్ని నెలల్లో జెల్లీచేపలు కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు, నీళ్లు లోపలికి పోకుండా మూతి దగ్గరే పక్కకి తప్పుకుంటాయి. లార్వాలు తక్కువ పడతాయి, మనమేమో ఈ కాలంలో చేపలు గుడ్లు పెట్టలేదని రిపోర్టు రాసేస్తాం!

అందుకే ఫ్లోమీటర్ (వల మూతిలో నీటి ఒరవడికి తిరిగే ఫ్యానుతో, ఎంత దూరం నీరు లోపలికి పోయిందో చూపే మీటరు) లేకుండా మాత్రం కొనకండి. ఒక్కో మూతి వైశాల్యం దాదాపు 0.28 చదరపు మీటర్లు, దాన్ని మీటరు చూపిన దూరంతో గుణిస్తే వడకట్టిన నీరెంతో తెలుస్తుంది, 100 ఘనపు మీటర్లకి ఎన్ని లార్వాలో అప్పుడే లెక్కగట్టగలం. అదే వేగంతో అంతే సేపు లాగినా మీటరు చూపే దూరం బాగా తగ్గిందంటే వల పూడినట్టే. మాకొచ్చిన సెట్‌లో ఒక మీటరు ఫ్యాను బిగుసుకుపోయింది, మార్చి ఇవ్వడానికి అమ్మినవాళ్లు నానా తిప్పలు పెట్టారు.

ఇంకోటి, పగలు పెద్ద లార్వాలు వలని చూసి తప్పించుకుంటాయి. ఎండాకాలం పగలు లాగినదాన్ని వానాకాలం రాత్రి లాగినదానితో పోలిస్తే అది కాలం తేడానో వెలుతురు తేడానో ఎవరూ చెప్పలేరు. ఉష్ణోగ్రత, ఉప్పు శాతం కొలిచే పరికరం కూడా అప్పుడే దించాలి, అది ఈ సెట్‌లో రాదు, విడిగా కొనాల్సిందే. వేడి సముద్రాల్లో ఏడాదంతా ఏదో ఒక చేప గుడ్లు పెడుతూనే ఉంటుంది, మొత్తం ఎన్ని అన్నదానికన్నా ఏ నెలలో ఏ జాతి అన్నదే పనికొస్తుంది, అక్కడ ఉప్పు శాతం లెక్క లేకపోతే చాలా విషయం పోయినట్టే.

చిన్న పడవ మీద చేత్తో లాగేవాళ్లయితే దీని జోలికి పోకండి, కింద కట్టే బరువుతో కలిపితే వించ్ (తాడు చుట్టి లాగే యంత్రం) తప్పనిసరి. మీకు ఒకే మూతి వల చాలు.