డెడ్ కెన్నెడీస్ చివరి రెండు ఆల్బమ్‌లలో ఏది మేలు?

హార్డ్‌కోర్ పంక్ (వేగమూ కోపమూ ఎక్కువగా ఉండే రాక్ సంగీతం) కొత్తగా వింటున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. అమెరికా బ్యాండ్ డెడ్ కెన్నెడీస్ మొదటి ఆల్బమ్ ఎలాగూ వింటాం, మరి చివరి రెండింట్లో దేన్ని పట్టుకోవాలి? 1985లో వచ్చిన ‘ఫ్రాంకెన్‌క్రైస్ట్’నా, 1986 చివర్లో బ్యాండ్ విడిపోతూ వదిలిన ‘బెడ్‌టైమ్ ఫర్ డెమోక్రసీ’నా? చాలామంది ‘ఫ్రాంకెన్‌క్రైస్ట్’ అనే అంటారు. నా ఓటు ‘బెడ్‌టైమ్’కి.

సంగీతం వరకే చూస్తే వాళ్ల మాట కొట్టిపారేయలేం. ‘ఫ్రాంకెన్‌క్రైస్ట్’లో ఉన్నవి పదే పాటలు, ఏదీ హడావిడి పడదు, బ్యాండ్ గిటారిస్టు ఈస్ట్ బే రే గిటార్ విచ్చుకోవడానికి కావలసినంత చోటు ఉంటుంది. మిషన్లొచ్చి పని పోయినవాడి గోడు చెప్పే ‘సూప్ ఈజ్ గుడ్ ఫుడ్’ ఈరోజుకీ గుచ్చుకుంటుంది. ‘బెడ్‌టైమ్’లో అయితే 21 పాటలు, చాలావరకు ఒకటి చెవికి ఎక్కేలోపే ఇంకోటి మొదలైపోతుంది, రికార్డింగ్ కూడా నా చెవికి కాస్త పలచగానే అనిపిస్తుంది.

‘ఫ్రాంకెన్‌క్రైస్ట్’ పేరు మోగడానికి కోర్టు కేసు కూడా కారణమే. లోపల పెట్టిన, చిత్రకారుడు గీగర్ గీసిన అశ్లీలమనిపించే బొమ్మ పోస్టర్ పిల్లల చేతికి పోతోందని 1986లో బ్యాండ్ గాయకుడు జెల్లో బియాఫ్రా ఇంటిమీద పోలీసులు పడ్డారు, 1987లో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాకపోవడంతో కేసు కొట్టేశారు. అది తెలుసుకోవలసిన చరిత్రే, కానీ ఆల్బమ్‌ని దాన్నిబట్టి తూచలేం.

నా దృష్టిలో తేల్చేది ఒక్కటే, కోపం ఎవరి మీద అన్నది. ‘ఫ్రాంకెన్‌క్రైస్ట్’ కోపం దాదాపు అంతా బయటివాళ్ల మీద: కంపెనీలు, ఎమ్‌టీవీ, వాషింగ్టన్. వింటున్న మనం హాయిగా తల ఊపొచ్చు. ‘బెడ్‌టైమ్’లోనూ అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ ఉన్నాడు, ఆల్బమ్ పేరే ఆయన నటించిన 1951 నాటి కోతి సినిమా ‘బెడ్‌టైమ్ ఫర్ బోంజో’ మీద విసురు. కానీ రెండో సైడులో మాట అడ్డం తిరుగుతుంది. ‘ఎనార్కీ ఫర్ సేల్’ తిరుగుబాటుని సరుకులా అమ్ముకునేవాళ్లని ఉతికేస్తుంది. దాని వెనకే దాదాపు ఆరు నిమిషాల ‘చికెన్‌షిట్ కన్ఫార్మిస్ట్’. అందరి మోతా ఒకేలా ఉండాలనేవాళ్లు, షోలలో కొట్లాటకి దిగేవాళ్లు, డ్రగ్స్ కంటే ఎక్కువగా పంక్ లోకాన్ని చీల్చిన దొంగలూ అబద్ధాలకోర్లూ, ఒక్కొక్కరినీ నిలబెట్టి కడిగేస్తాడు బియాఫ్రా. పంక్ ఇంకా చావలేదని, పాచి కార్టూన్ అయిపోయినప్పుడు మాత్రం చావడమే న్యాయమని తన రికార్డు కొనేవాళ్ల మొహం మీదే అంటాడు. ఆ వెంటనే ‘వేర్ డు యా డ్రా ద లైన్’లో ఆ ప్రశ్న తన మీదికే తిప్పుకుంటాడు. ప్రభుత్వం లేకపోతే బాగానే ఉంటుంది, మరి మురుగుకాలవలు ఎవరు బాగుచేస్తారు? ఇంత నిజాయితీగా తనవాళ్లనీ తననీ నిలదీసిన చివరి ఆల్బమ్ ఆ కాలపు హార్డ్‌కోర్‌లో నాకు ఇంకోటి కనబడదు.

1982 నాటి ‘ప్లాస్టిక్ సర్జరీ డిజాస్టర్స్’ కూడా గట్టిదే, వీలున్నప్పుడు వినండి. 1987లో వచ్చిన సంకలనం సింగిల్స్ కావాలనుకునేవాళ్లకి.

‘బెడ్‌టైమ్’ని మాత్రం మొదటి పాట నుంచి ఏకబిగిన వినబోకండి, అలసిపోతారు. లిరిక్స్ ముందు పెట్టుకుని పైన చెప్పిన మూడు పాటలూ వరసగా వినండి, ఆ తర్వాతే మొదటి సైడుకి వెళ్లండి.