సీఆర్‌టీ మానిటర్ బోర్డు పాడైతే ఏది మేలు: వెతికి బాగుచేయడమా, కండెన్సర్లన్నీ మార్చడమా, బోర్డే మార్చడమా?

పాత సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబు) మానిటర్ మొరాయిస్తే ముందు మూడు దారులు కనిపిస్తాయి. మీటరు పట్టుకుని తప్పు ఎక్కడుందో వెతికి ఆ ఒక్క పార్టు మార్చొచ్చు. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లన్నీ ఒకేసారి పీకి కొత్తవి వేయొచ్చు. లేదంటే అదే మోడల్ ఇంకో మానిటర్‌లోంచి బోర్డు తీసి బిగించొచ్చు. నేను మూడూ చేశాను. నా ఓటు మొదటిదానికే.

ఏ దారి పట్టినా ముందు జాగ్రత్త తప్పదు. ప్లగ్ తీసేశాక కూడా పిక్చర్ ట్యూబులో 20 వేల వోల్టులకు పైగా చార్జ్ మిగిలి ఉండొచ్చు. బాగా ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్ ఇనుప కాడకు వైరు కట్టి, రెండో కొసను ట్యూబు వెనక నల్ల పూతను ఆనుకుని ఉండే అల్లిక వైరుకు తగిలించాలి. తర్వాత ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, హైవోల్టేజ్ వైరు ట్యూబుకు తగిలే చోటనున్న రబ్బరు కప్పు కిందికి మొన దూర్చి డిస్చార్జ్ చేయాలి. కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ చేయాలి, ఎందుకంటే గాజులో దాగిన చార్జ్ తిరిగి పేరుకుంటుంది. సప్లై సెక్షన్‌లోని పెద్ద కండెన్సర్‌లో 300 వోల్టులకు పైగా ఉండొచ్చు. దాన్ని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి, రెసిస్టర్ ద్వారా ఖాళీ చేయండి.

ఇక వెతకడం విషయానికి వద్దాం. నా దగ్గరున్న 17 అంగుళాల మానిటర్ ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆన్ చేస్తే టిక్ టిక్ అని చప్పుడు తప్ప తెర మీద ఏమీ లేదు. మీటరు పెట్టి చూస్తే హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ (బొమ్మను అడ్డంగా పరిచే సెక్షన్‌ను నడిపేది) కలెక్టర్, ఎమిటర్ కాళ్ల మధ్య షార్ట్. కొత్తది వేశాను. పది నిమిషాలు చక్కగా బొమ్మ వచ్చి మళ్లీ పోయింది. రెండోసారి వేసినా అంతే. మూడోసారి వేయబోయే ముందు బోర్డు తిరగేసి, టార్చి పక్కనుంచి కొట్టి, భూతద్దంతో ఒక్కో టంకం చూసుకుంటూ పోయాను. ఆ ట్రాన్సిస్టర్‌కు సిగ్నల్ అందించే డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలు చుట్టూ వెంట్రుక మందాన నల్లటి ఉంగరంలా పగులు కనిపించింది. డ్రై సోల్డర్! ట్రాన్సిస్టర్ బేస్ కాలుకు అందాల్సిన డ్రైవ్ సరిగా అందక ట్రాన్సిస్టర్ వేడెక్కి కాలిపోతోంది. పాత టంకం పీల్చేసి కొత్తది పెట్టాక మళ్లీ పోలేదు.

అందుకే నా మాట ఒకటే. పోయిన పార్టు మార్చగానే పని అయిపోయినట్టు కాదు, అది ఎందుకు పోయిందో తేలాలి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోతే ఎల్‌ఓటీలో (ట్యూబుకు హైవోల్టేజ్ ఇచ్చే లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో) చుట్లు షార్టయ్యాయా, ఆ ట్రాన్సిస్టర్‌కు జతగా ఉండే ట్యూనింగ్ కండెన్సర్ విలువ తగ్గిందా, సప్లై నుంచి వోల్టేజ్ ఎక్కువ వస్తోందా అని చూసుకోవాలి. ఆ ట్యూనింగ్ కండెన్సర్‌కు బదులు తక్కువ విలువది ఎప్పుడూ వేయకూడదు. హైవోల్టేజ్ పెరిగిపోతుంది, దాంతో పాటు ఎక్స్-కిరణాల ప్రమాదమూ పెరుగుతుంది.

పార్టు మార్చాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 100 వాట్ల ఫిలమెంట్ బల్బు మెయిన్స్ వైరుకు సిరీస్‌లో పెడితే మంచిది. డిగాసింగ్ కాయిల్ (తెర మీద అయస్కాంతం వల్ల వచ్చే రంగు మచ్చలు పోగొట్టేది) ప్లగ్ ముందే తీసేయాలి, లేకపోతే బల్బు అనవసరంగా వెలిగి తికమక పెడుతుంది. ఒకసారి మెరిసి మసకబారితే ఫరవాలేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే ఇంకా షార్ట్ ఉన్నట్టే.

కండెన్సర్లన్నీ మార్చే పద్ధతి చాలామందికి ఇష్టం, అందులో న్యాయం కూడా ఉంది. ఏళ్ల తరబడి హీట్‌సింక్ పక్కన కూర్చున్న కండెన్సర్ ఎండిపోతుంది. మామూలు మీటరులో కెపాసిటీ బాగానే చూపించినా ఈఎస్ఆర్ (కండెన్సర్ లోపలి నిరోధం) పెరిగిపోయి ఉంటుంది. అయితే ఈఎస్ఆర్ మీటరుంటే వాటిలో చాలావాటిని పీకకుండానే పట్టుకోవచ్చు, ముందు డిస్చార్జ్ చేయడం మరిచిపోకపోతే చాలు. యాభై కండెన్సర్లు ఒకే ఊపులో మారిస్తే ఎక్కడో ఒకటి ప్లస్ మైనస్ తిరగబడుతుంది, ఒక ప్యాడ్ ఊడొస్తుంది, నాన్-పోలార్ (ప్లస్ మైనస్ తేడా లేనిది) ఉన్నచోట మామూలుది పడుతుంది. అప్పుడు పాత తప్పుకు కొత్త తప్పు తోడై ఏది ఏదో తెలియదు. బాగా పనిచేస్తున్న మానిటర్‌ను ఇంకా చాలా ఏళ్లు వాడుకోవాలనుకుంటే మాత్రం మార్చండి. 105 డిగ్రీల వేడి తట్టుకునేవి తెచ్చి, ఒక్కో సెక్షన్ పూర్తికాగానే ఆన్ చేసి చూస్తూ పోండి.

తెర మీద ఒకే ఒక్క తెల్లటి అడ్డగీత వస్తుంటే ఇంత దూరం పోనక్కర్లేదు. గీత పడినచోట ఫాస్ఫర్ (తెర లోపలి వెలిగే పూత) కాలిపోకుండా ముందు బ్రైట్‌నెస్ తగ్గించి, వర్టికల్ ఐసీ (బొమ్మను నిలువుగా పరిచే చిప్) కాళ్ల టంకం, దాని పక్కనున్న చిన్న కండెన్సర్ చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

బోర్డు మార్చడం చూడటానికి తేలిక, కానీ ఆ బోర్డు ట్యూబుకీ, దాని మెడ మీదుండే కాయిల్ అయిన యోక్‌కీ జత కుదరాలి. ఒకే మోడల్ నంబరున్నా లోపల వేరే ట్యూబు వేసిన మానిటర్లుంటాయి. నెక్ సాకెట్ పిన్నులు కలవకపోవచ్చు, యోక్ ఇంపెడెన్స్ తేడా ఉంటే అవుట్‌పుట్ సెక్షనే పోవచ్చు. అన్నీ కలిసినా, బొమ్మ అంచుల సెట్టింగులు బోర్డు మీది మెమరీ చిప్‌లో అది ముందున్న మానిటర్ ట్యూబుకు తగ్గట్టు ఉంటాయి కాబట్టి మళ్లీ దిద్దుకోవాలి. బోర్డు కాలి బొగ్గయినప్పుడో, రాగి గీతలు ఊడిపోయినప్పుడో తప్ప నేను ఈ దారికి పోను. అదే మోడల్ ఇంకో మానిటర్ దొరికితే దాని బోర్డులోంచి ఎల్‌ఓటీని జాగ్రత్తగా తీసి దాచుకుంటాను, కొత్తది దొరకడం చాలా కష్టమైన పార్టు అది.