సార్కాయిడోసిస్ కళ్లతో ఏడేళ్లు: నేను వాడినవి, వాటిలో పనికొచ్చినవి

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు చూస్తాను. 2018 ఆగస్టులో కుడి కన్ను ఎర్రబడింది. అందరూ కండ్లకలక అన్నారు. దగ్గర్లోని డాక్టరు కూడా అదే అని యాంటీబయాటిక్ చుక్కలు రాశారు. అమ్మ రోజూ సాయంత్రం నందివర్ధనం పూలు తడిపి మూసిన రెప్పల మీద పెట్టేది. మూడు వారాలైనా ఎరుపు పోలేదు. ట్యూబ్‌లైట్ వెయ్యగానే కంట్లో సూది దిగినట్టు ఉండేది. బిల్లు మీద 3 ఉందో 8 ఉందో తెలియని రోజున భయమేసి పెద్ద ఆసుపత్రికి వెళ్లాను.

అది కండ్లకలక కాదు, యువియైటిస్, అంటే కంటి లోపలి పొరల వాపు. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మధ్య రెండు వైపులా గ్రంథులు ఉబ్బి కనిపించాయి. మన దగ్గర అలా కనిపిస్తే మొదట టీబీనే అనుమానిస్తారు, అనుమానించాలి కూడా. టీబీ కాదని తేల్చుకోకుండా, వాపు తగ్గించే స్టెరాయిడ్ మొదలుపెట్టడం ప్రమాదం. గొంతులోంచి గొట్టం వేసి గ్రంథి ముక్క తీసి పరీక్ష చేశాక సార్కాయిడోసిస్ అని తేల్చారు. ఇది అంటుకునే జబ్బు కాదు. ఒంట్లోని రక్షణ కణాలే ఒకచోట గుమిగూడి గ్రాన్యులోమా అనే చిన్న చిన్న ముద్దలు కడతాయి. ఎక్కువగా ఊపిరితిత్తుల్లో, కొందరికి చర్మంలో, కళ్లలో. కన్నీటి గ్రంథుల్లోనూ కడతాయి కాబట్టి నాలాంటి వాళ్లకు వాపూ, పొడిదనమూ రెండూ ఉంటాయి.

ఈ ఏడేళ్లలో నేను నేర్చుకున్న పెద్ద విషయం ఈ రెండింటినీ విడదీసి చూడటం. అద్దంలో రెండూ ఎర్రటి కన్నే, మందులు మాత్రం వేరు. పొడిబారితే ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది, సాయంత్రానికి ఎక్కువవుతుంది, మసక రెండుసార్లు రెప్ప కొడితే పోతుంది. లోపలి వాపైతే కన్ను లోతుగా నొప్పిపుడుతుంది, వెలుతురు భరించలేం, నల్లగుడ్డు అంచు చుట్టూ ఎరుపు కడుతుంది, రెప్పలు ఎన్నిసార్లు కొట్టినా మసక పోదు. ఇంకో రకం ఉంది, అదే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది. కంటి వెనక భాగంలో వాపు వస్తే ఎరుపూ ఉండకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. కళ్ల ముందు దోమలు ఎగిరినట్టు నల్లటి చుక్కలు తేలతాయి, అంతే. అందుకే కళ్లు బాగున్నా మూడు నెలలకోసారి పరీక్ష మానను.

ఇక వాడినవాటి సంగతి.

ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ 1% చుక్కలు: ఇది స్టెరాయిడ్ మందు. కంటి ముందు భాగంలో వాపుకు నాకు దీన్ని మించి పనిచేసింది లేదు. పాలలా తెల్లగా ఉంటుంది, మందంతా అడుగున పేరుకుంటుంది. బాగా కుదిపి వెయ్యకపోతే పైన తేలిన నీళ్లే కంట్లో పడతాయి. మొదటి రెండు వారాలు నేను కుదపకుండానే వేశాను, తగ్గటం లేదని బాధపడ్డాను. ఒక నర్సు సీసాను వెలుతురుకు ఎత్తి అడుగున ఉన్న తెల్లటి మడ్డి చూపించేదాకా నాకు తెలియలేదు. మొదట గంటకోసారి, తర్వాత రోజుకు ఆరుసార్లు, నాలుగు, మూడు, ఇలా వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలి. కన్ను తెల్లబడింది కదా అని ఒక్కసారే ఆపితే వాపు తిరగబెడుతుంది.

దీని వెనకే నా అతిపెద్ద తప్పు ఉంది. 2019లో మళ్లీ కాస్త ఎర్రబడితే, సీజన్ పనిలో ఉండి, డాక్టరు దగ్గరికి వెళ్లకుండా మెడికల్ షాపులో అవే చుక్కలు అడిగి తెచ్చుకున్నాను. చీటీ అడగలేదు, ఇచ్చేశారు. వెయ్యగానే హాయిగా ఉండేది. మూడు నెలలు అలాగే వేసుకున్నాను. తీరా చూస్తే ఆ ఎరుపు వాపు వల్ల కాదు, పొడిదనం వల్ల. పరీక్షకు వెళ్లేసరికి ఆ చుక్కల వల్ల కుడి కంటి ప్రెషర్ 34కు చేరింది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి. ప్రెషర్ పెరుగుతున్నా నాకు నొప్పి గానీ, మసక గానీ ఏమీ తెలియలేదు. ఇంకొంత కాలం అలాగే సాగితే చూపు నరం దెబ్బతినేదన్నారు. ప్రెషర్ తగ్గించే చుక్కలు వాడాక నాలుగు వారాలకు దారికొచ్చింది. ఇది చదివేవాళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను, స్టెరాయిడ్ చుక్కలు షాపులో అడిగి కొనుక్కోవద్దు.

ఆ రోజే పొడిదనం పరీక్ష కూడా చేశారు. కింది రెప్ప లోపల సన్నటి కాగితం పట్టీ తగిలించి ఐదు నిమిషాలు కూర్చోబెడతారు. కాగితం రెప్పలోంచి నాలుకలా వేలాడుతుంటుంది. కన్నీరు దాని మీద ఎంత దూరం పాకిందో కొలుస్తారు. 10 మిల్లీమీటర్లు దాటితే ఫర్వాలేదు. నాకు కుడి కంట్లో 3, ఎడమ కంట్లో 4. నాకు నమ్మబుద్ధి కాలేదు. యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, విప్పినప్పుడు నా కళ్ల వెంట నీళ్లు ధారగా కారతాయి కదా అన్నాను. అది ఘాటుకు ఉబికే నీరు, వచ్చిన దారినే కారిపోతుంది, కంటిని పట్టుకుని ఉండే తడి వేరు అని డాక్టరుగారు చెప్పారు.

కృత్రిమ కన్నీళ్లు: మొదట మామూలు సీసా, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5%, రోజుకు నాలుగుసార్లు వేసేవాణ్ణి. సరిపోక ఎనిమిది, పదిసార్లు వేస్తే మంట పెరిగింది. కారణం చుక్కలు చెడిపోకుండా సీసాలో కలిపిన నిల్వ మందు (ప్రిజర్వేటివ్). రోజుకు నాలుగుసార్లకు మించి వెయ్యాల్సిన వాళ్లు నిల్వ మందు లేనివే తీసుకోవాలి. అట్ట మీద ‘బెంజాల్కోనియం క్లోరైడ్’ అనే నిల్వ మందు పేరు ఉందేమో చూడండి. ఐదేళ్లుగా నేను నిల్వ మందు కలపని సోడియం హైలురోనేట్ వాడుతున్నాను. చుక్క పడ్డాక తడి ఎక్కువసేపు నిలుస్తుంది, మసక తక్కువ. ధర ఎక్కువే, నెలకు రెండు సీసాలు అవుతాయి. అయినా దీని మీద పెట్టే డబ్బు దండగ అని నాకు ఒక్కరోజూ అనిపించలేదు. ఒక మందు వేశాక ఇంకోటి వెయ్యడానికి కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. వెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని తోసేస్తుంది. వేశాక కన్ను మూసి ముక్కు పక్కన మూలలో వేలితో నిమిషం నొక్కి పట్టుకుంటే మందు గొంతులోకి జారదు.

రాత్రి పూసే ఆయింట్‌మెంట్: పక్క మీద పడుకున్నాకే పెట్టుకోండి. ఆ తర్వాత ఏమీ కనిపించదు, దిండు జిడ్డవుతుంది. కానీ తెల్లవారి రెప్పలు అతుక్కుపోయి, తెరవగానే చీరుకున్నట్టు అనిపించే బాధ దీనితోనే పోయింది.

సైక్లోస్పోరిన్ 0.05% చుక్కలు: ఇవీ పొడిదనానికే. ఓపిక కావాలి. మొదటి నెల వేసిన ప్రతిసారీ పావుగంట మంట. చాలామంది ఇక్కడే మానేస్తారు, నేనూ రెండుసార్లు మానేశాను. మూడోసారి, ముందు కృత్రిమ కన్నీళ్లు వేసి పదిహేను నిమిషాలు ఆగి ఇది వేసుకుంటే మంట ఓర్చుకోగలిగాను. నాలుగో నెలలో గానీ తేడా తెలియలేదు. తర్వాతి పరీక్షలో కాగితం 7 మిల్లీమీటర్లు తడిసింది.

కన్నీటి రంధ్రాలకు బిరడాలు: రెప్పల మూలలో కన్నీరు లోపలికి జారిపోయే రంధ్రాలను మూస్తారు, తడి కంట్లోనే ఉండాలని. 2020లోనే పెట్టమని అడిగాను. డాక్టరుగారు ఒప్పుకోలేదు. వాపు తగ్గకుండా రంధ్రాలు మూస్తే ఆ వాపు నీళ్లే కంట్లో నిలిచిపోతాయట. కన్ను పూర్తిగా కుదుటపడ్డాక 2023లో కింది రెప్పలకు పెట్టారు. రెండు నిమిషాల పని. ఎడమది నాలుగు నెలలకు నేను కన్ను నలుపుకోవడం వల్ల ఊడిపోయింది. కుడిది ఇప్పటికీ ఉంది, సాయంత్రాలు ఆ కంట్లో గరగర తగ్గింది.

చుక్కలతో వాపు అదుపులో ఉండక 2021 నుంచి మెథోట్రెక్సేట్ మాత్రలు వేసుకుంటున్నాను. ఇది వారానికి ఒక్క రోజే వెయ్యాలి. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. మా ఆవిడ ఆ మాత్రల అట్ట వేరే డబ్బాలో పెట్టి ఆదివారం మాత్రమే తీస్తుంది. రక్త పరీక్ష, లివర్ పరీక్ష తప్పవు. అంతకుముందు మింగిన స్టెరాయిడ్ మాత్రలు షుగర్ పెంచాయి, ముఖం ఉబ్బింది. వాటిని మానగలిగింది దీనివల్లే. స్టెరాయిడ్ల వల్లా, వాపు వల్లా కుడి కంటికి శుక్లం కూడా వచ్చింది. మూడు నెలలకు పైగా వాపు లేదని చూసుకున్నాకే 2022లో ఆపరేషన్ చేశారు.

విటమిన్ డి గురించి విడిగా చెప్పాలి. ఒళ్లు నొప్పులంటే మనవాళ్లందరూ వారానికో 60,000 యూనిట్ల సాచెట్ పాలల్లో కలుపుకుని తాగుతారు. నేనూ ఐదు వారాలు తాగాను. విపరీతమైన దాహం, మలబద్ధకం. పరీక్షిస్తే కాల్షియం 11 దాటింది. ఈ జబ్బులో గ్రాన్యులోమాలు వాటంతటవే విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్చేస్తాయి, కాల్షియం పెరిగి కిడ్నీలకు చేటు. సార్కాయిడోసిస్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా సాచెట్ ముట్టుకోవద్దు.

మందులు కానివాటిలో బండి నడిపేటప్పుడు పక్కలు మూసిన కళ్లద్దాలు నాకు బాగా ఉపయోగపడ్డాయి. యార్డులో కారం దుమ్ముకూ అవే. ఏసీ బస్సులో హైదరాబాదు వెళ్లేటప్పుడు నెత్తిమీద గాలి రంధ్రం మూసేస్తాను. ఇంట్లో ఎండాకాలం ఫ్యాన్ లేకుండా ఉండలేం కాబట్టి మంచం తిప్పి, గాలి కాళ్ల వైపు వచ్చేలా వేసుకున్నాం. మూసిన రెప్పలకు కాపడం పెట్టుకుంటాను, వేడి నీళ్ల తువ్వాలైతే రెండు నిమిషాలకే చల్లారుతుంది. గుడ్డ సంచిలో బియ్యం పోసి కుట్టి గోరువెచ్చగా వేడిచేస్తే పది నిమిషాలు ఉంటుంది. ఆ వేడికి రెప్పల అంచున నూనె గ్రంథులు తెరుచుకుంటాయి.

యువియైటిస్‌కు ప్రత్యేకంగా చూసే డాక్టర్లు వేరే ఉంటారు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్, చెన్నైలో శంకర నేత్రాలయ, మదురైలో అరవింద్ ఆసుపత్రుల్లో ఆ విభాగాలున్నాయి. నాకిది మొదటి నెలలోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. కళ్ల డాక్టరూ, ఊపిరితిత్తుల డాక్టరూ ఒకరి రిపోర్టు ఒకరు చూసేలా నేను ఒకే ఫైలు మోసుకు తిరుగుతాను.

పోయిన నెల పరీక్షలో రెండు కళ్లలోనూ వాపు లేదు, ప్రెషర్ 15, 16. ప్రెడ్నిసొలోన్ ఆపి పద్నాలుగు నెలలైంది. నందివర్ధనం పూలు అమ్మ ఇప్పటికీ కోసి తెస్తుంది. కంటి లోపల ఏమీ పడకుండా మూసిన రెప్పల మీద కాసేపు పెట్టుకుంటాను, చల్లగా ఉంటుంది, అమ్మకీ తృప్తి. సీసా తెరిచాక ఎన్నాళ్లు వాడొచ్చో అట్ట మీద ఉంటుంది. మా అమ్మాయి ప్రతి సీసాకూ ప్లాస్టర్ ముక్క అంటించి తెరిచిన తేదీ స్కెచ్ పెన్నుతో రాస్తుంది. నిన్నటి సీసా మీద తేదీ కింద ‘నాన్నా, కుదపక్కర్లేదు’ అని కూడా రాసింది.